బుడ్డాపిల్ కావలి

ఇస్తారికి మనుషుల్ని నమ్మడం పుట్టుకతోనే రాదనుకుంటే అతనికి అన్యాయం చేసినట్టే. ఒకప్పుడు నమ్మేవాడు. జగిత్యాల పక్కన మామిడితోటల్లో కావలి పని చేసుకునే రోజుల్లో ఎవరేం చెప్పినా తల ఊపేవాడు. మస్కట్‌లో పెద్ద మాల్, చల్లటి గదిలో కూర్చుని వచ్చేపోయే వాళ్ళ సంచులు చూడ్డమే డ్యూటీ అని ఏజెంటు చెప్తే ఆ మాటా నమ్మాడు. తీరా దిగింది ఇబ్రా అనే ఊళ్ళో. మాల్ ఉన్నమాట నిజమే, కాకపోతే దానికింకా పునాదులే పడలేదు. ఆ పునాదుల్లోకి ఇనుప చువ్వలు మోసిన నాటి నుంచి ఇక ఎవరి మాటా ఊరికే నమ్మనని ఒట్టు పెట్టుకున్నాడు. పెట్టుకున్న ఒట్టును అంత శ్రద్ధగా నిలబెట్టుకున్న మనిషి ఒమాన్ మొత్తం మీద ఇంకొకడు ఉండడు.

రూమ్‌లో నూనె సీసా మీద నూనె ఎక్కడిదాకా ఉందో పెన్నుతో గీత గీసేవాడు. సూట్‌కేసు జిప్పుకు నల్లదారం కట్టి, ముడి తాను వేసినట్టే ఉందా లేదా అని డ్యూటీ నుంచి రాగానే చూసుకునేవాడు. వంట వంతు తనది కాని రోజున కూరలో ముక్కలు తనకు తక్కువ పడ్డాయేమోనని పక్కవాడి పళ్ళెంలోకి తొంగి చూసేవాడు. "సీఐడీ అచ్చిండు, మూతులు తుడుసుకోండ్రి" అని రూమ్‌లో వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఇస్తారి ఆ నవ్వునూ అనుమానించేవాడు.

అలాంటి మనిషికి ఉమైమా మేడమ్ తన తోట అప్పగించింది.

ఆమె ఇల్లు జబల్ అఖ్దర్ కొండ మీద. కింద నిజ్వాలో ఎండకు తారు మెత్తబడే రోజుల్లో కూడా పైన సాయంత్రానికి దుప్పటి కావాలి. కొండను మెట్లు మెట్లుగా చెక్కి, ఫలజ్ కాలవ నీళ్ళు వంతులవారీగా పెట్టుకుని దానిమ్మ, గులాబీ పండించుకునే ఊళ్ళు అవి. ప్రహరీ గోడ కట్టడానికి కంపెనీ పంపిన వాళ్ళలో ఇస్తారి ఒకడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మిగతావాళ్ళు గోడ నీడన కునుకు తీస్తుంటే ఇతను దానిమ్మ చెట్ల మొదళ్ళలో పిలకలు పీకుతూ మేడమ్ కంట పడ్డాడు. ఊరికే ఉండలేని చేతులు. ఆమె బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, చూడగానే ఎవరేమిటో అంచనా కట్టేస్తుంది. గోడ పూర్తయ్యేలోగా కంపెనీతో మాట్లాడి అతని వీసా తన పేరు మీదికి మార్పించుకుంది. ఇంత మేలు ఒక మనిషి ఊరికే ఎందుకు చేస్తుందా అని ఇస్తారి చాలా నెలలు ఆలోచించాడు.

ఆ చలికాలం చివర్లో ఒక మొక్క వచ్చింది. నల్ల కుండీలో ఆకన్నది లేకుండా కర్రలా ఉంది. క్రాబ్ ఆపిల్ అంది మేడమ్. ఇస్తారి నోట్లో అది బుడ్డాపిల్ అయింది. ఆపిల్ పండ్లే గానీ గోలీకాయంత ఉంటాయని ఆమె వేళ్ళతో చూపించింది మరి. ఇద్దరూ ఉర్దూలో మాట్లాడుకునేవాళ్ళు. అతని ఉర్దూ సైటులో నేర్చింది, ఆమెది హిందీ సినిమాల్లో నేర్చింది, ఇద్దరికీ సరిపోయేది.

"తియ్యగా ఉంటాయా మేడమ్?" అని అడిగాడు.

"తినడానికి కాదు. చూడడానికి."

ఇస్తారికి అక్కడే అనుమానం పట్టుకుంది. తినని కాయ కోసం ఇంత దూరం నుంచి చెట్టు తెప్పించుకుంటారా ఎవరైనా? ఇందులో ఏదో ఉంది. ఏ మందుకో పనికొచ్చే కాయ అయ్యుండాలి, లేదంటే ఆ చోట ఏదో పాతిపెట్టి గుర్తుగా చెట్టు నాటిస్తోంది. ఏ మందుకు పనికొస్తుందని మేడమ్‌నే అడిగాడు, ఆమె నవ్వేసింది. గుంత తవ్వుతున్నంతసేపూ గడ్డపార దేనికైనా తగులుతుందేమోనని చెవి ఒగ్గి తవ్వాడు. రాళ్ళు తగిలాయి.

అసలు సంగతి డ్రైవర్ ఖాదర్‌వలి చెప్పాడు. అతనిది రాయచోటి, ఈ ఇంట్లో అందరికంటే పాత మనిషి. మేడమ్ భర్తకు జబ్బు చేసి ఎక్కడో మంచు కురిసే దేశంలో ఆసుపత్రిలో పడుకున్నప్పుడు ఆయన కిటికీ బయట ఇలాంటి చెట్టే ఉండేదట. ఆకులన్నీ రాలిపోయినా ఎర్రటి కాయలు మాత్రం కొమ్మల్నే పట్టుకుని ఉండేవట. మన కొండ మీద కూడా చలి ఉంటుందిగా, ఇంటికి వెళ్ళగానే ఒకటి పెడదాం అన్నాడట. ఆయన ఇంటికి రాలేదు. ఇస్తారి విని తల ఊపాడు, సగం నమ్మాడు. అతను సగం నమ్మడమంటే చాలా ఎక్కువ.

నమ్మకం సంగతి ఎలా ఉన్నా పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోకుండా పైకి ఉంచి నాటాడు, మామిడి అంట్లు నాటిన అలవాటే. అంటు కింద నుంచి పిలక లేస్తే గోటితో గిల్లేసేవాడు. మేకల ఎరువు వేశాడు. కొండ మీద తిరిగే గాడిదలు గోడ దూకకుండా పైన ముళ్ళకంప పరిచాడు. వేసవి గాలికి కాండం ఊగకుండా పాత లుంగీ చించి మెత్తగా కర్రకు కట్టాడు.

మొదటి చలికాలంలో ఆకులన్నీ పండి రాలిపోయాయి. వాళ్ళ వైపు టేకైనా మోదుగైనా ఎండలు ముదిరే ముందు రాలుస్తాయి గానీ చలికి రాల్చే చెట్టును ఇస్తారి చూసి ఎరగడు. నిండుగా ఉన్న చెట్టు ఊరికే మోడవుతుందా? ఖాదర్‌వలి బండి ఇంజనులోంచి తీసిన పాత ఆయిల్ చెట్టు మొదట్లో పోశాడని ఇస్తారి తేల్చేశాడు. మట్టి వాసన చూశాడు, నాలిక మీద కూడా వేసుకున్నాడు. ఖాదర్‌వలి ప్రమాణాలు చేశాడు, కోప్పడ్డాడు, చివరికి నవ్వేశాడు. ఎండలు తిరగ్గానే కొమ్మ కొమ్మకూ చిగురు పొడిచింది. ఇస్తారి తప్పయిందని అనలేదు. పోసింది కొంచెమే అయ్యుంటుంది, అందుకే బతికింది అనుకున్నాడు.

మూడో ఏడు చెట్టు పూసింది. మొగ్గలు కుంకుమరంగు, విచ్చుకున్నాక తెలుపు. ఉమైమా మేడమ్ పొద్దున్నే వచ్చి చెట్టు ముందు నిలబడి లోపలికి వెళ్ళిపోయింది. మరునాడు కుర్చీ వేయించుకుంది. ఇస్తారికి ఆ రోజు ఎందుకో చాలా సంతోషమైంది. పిందెలు పట్టాయి, దానిమ్మకాయలు కోసే రోజులకు ఎర్రబడ్డాయి. ఆకు రాలేదాకా, రాలినాక కూడా ఒక్క కాయ ముట్టుకోవద్దని మేడమ్ చెప్పింది.

ముట్టుకోవద్దంటే ఊరుకునే రకం కాదు కదా మనవాడు. ఒకటి కొరికాడు. పళ్ళు పులిసి రెండు రోజులు అన్నం నమల్లేకపోయాడు. ఆ సంగతి వంటింటి గుమ్మంలో బియ్యం ఏరుతున్న మల్లీశ్వరికి తానే చెప్పాడు.

"ఉసిరికాయ నయ్యం చెల్లె. పులుపు, ఒగరు. నాలికె మందమైంది."

"అంత పులుపు ఉండాదా అన్నా?" అంది మల్లీశ్వరి, చేట పక్కన పెట్టి.

మల్లీశ్వరిది కడప జిల్లా వేంపల్లె పక్కన. భర్త ఓబులేసు అక్కడ ఆటో తోలుతాడు. సొంతిల్లు ఒకటి నిలబెట్టుకోవాలని ఆమె ఈ ఇంట్లో పనికి వచ్చి రెండేళ్ళు దాటింది. మేడమ్ తల్లిని చూసుకోవడం ఆమె పని. అక్కడ మామా అంటే అమ్మ; మల్లీశ్వరి మేడమ్‌ను మామా అంటుంది, ముసలామెను ఇంట్లో అందరూ పెద్ద మామా అంటారు. ఎండాకాలంలో జ్వరం వచ్చి మంచాన పడ్డప్పటి నుంచి ఆమె సరిగ్గా తినడం మానేసింది. బీపీ ఉంది, ఉప్పూ కారం తగలనివ్వొద్దన్నాడు డాక్టరు. చప్పిడి అన్నం చూడగానే పెద్ద మామా గోడవైపు తిరిగేది. అలాంటిది ఈ మధ్య లేచి కూర్చుంటోంది, పళ్ళెం ఖాళీ చేస్తోంది. డాక్టరు మంచివాడని మేడమ్ మురిసిపోయింది.

చలి మొదలయ్యాక ఇస్తారి కంట పడింది. వంటింటి వైపు కిందికొమ్మ పలచబడింది. బుల్‌బుల్ పిట్టలైతే కాయను సగం పొడిచి వదిలేస్తాయి, తొడిమె కొమ్మకే ఉంటుంది. గాడిదలైతే కొమ్మతో సహా లాగుతాయి. ఇక్కడ తొడిమెతో సహా మెలిపెట్టి తుంచిన గుర్తు. మనిషి చెయ్యి. ఆ ఇంట్లో ఉన్న మనుషులెంతమంది, అందులో చెయ్యి చాపగలిగేవాళ్ళు ఎవరు అని వరస పెట్టాడు. ముందు ఖాదర్‌వలి మీదికి పోయింది మనసు, అలవాటు కొద్దీ.

తెల్లారగట్ట నుంచే దానిమ్మ పొదల వెనక కూర్చుని కాపు కాశాడు. వచ్చింది మల్లీశ్వరి. అటూ ఇటూ చూసి కొన్ని కాయలు తుంచి చున్నీలో మూట కట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి ఒక కాయను కొరికి, కళ్ళు గట్టిగా మూసుకుని, నెమ్మదిగా నమిలి మింగింది. ఇంకొకటి కొరికింది. ఇస్తారి అక్కడే పట్టుకుని అడిగితే పోయేది. అడగడం అతని పద్ధతి కాదు. అడిగితే అబద్ధం చెప్తారు, చూస్తే నిజం తెలుస్తుందని అతని లెక్క. అందుకని చూస్తూ కూర్చున్నాడు.

రెండు రోజులు పోయాక నీళ్ళ ట్యాంకు వెనక మల్లీశ్వరి వాంతి చేసుకోవడం చూశాడు. నోరు కడుక్కుని, చున్నీ కడుపులో ఒత్తి పట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడింది. పులుపు, వాంతి. ఈ రెంటినీ కలిపి చూడలేని తెలుగువాడెవడుంటాడు? భర్తేమో వేంపల్లెలో ఉన్నాడు, ఈమె ఇక్కడికి వచ్చి రెండేళ్ళు. మరి ఎవరు? మార్కెట్‌కు తీసుకెళ్ళేదెవరు, అక్కా అక్కా అంటూ వంటింటి గుమ్మంలో టీ తాగేదెవరు, తమ సీమ మాటల్లో ఏదో అనుకుని ఆమె నవ్వుకునేదెవరితో? ఖాదర్‌వలే. ఆ అక్కా అన్న పిలుపు మీద అతనికి మొదటి నుంచీ అనుమానమే.

మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి భార్య గౌరవ్వను పేరు చెప్పకుండా అడిగాడు.

"పుల్లటియి తింటాంది, కక్కుతాంది. ఏమై ఉంటది?"

"ఏమైతది? నీళ్ళోసుకున్నది." అంది గౌరవ్వ. "ఎవరు గాళ్ళు? నీకెందుకయ్యా గా ముచ్చట? నీ నోరు మంచిది కాదు, నీ పని నువ్వు సూస్కో."

ఆ దేశంలో పనిమనిషికి భర్త దగ్గర లేకుండా కడుపొస్తే ఏమవుతుందో ఇస్తారికి తెలుసు. పోలీసు, జైలు, ఆ తర్వాత పంపించేయడం. మగవాడు దొరికితే అతనికీ అంతే. అందుకే నోరు మూసుకున్నాడు. ఈ మాట అతని పక్షాన చెప్పుకోవాలి. మూసుకుని ఉన్నవాడే, తన మీదికి రానంతవరకూ.

వచ్చింది. ఆ వారంలో ఆకులన్నీ రాలిపోయాయి. రాలేసరికి చెట్టు ఒకవైపు ఎర్రగా నిండుగా, వంటింటి వైపు బోసిగా బయటపడింది. ఉమైమా మేడమ్ కుర్చీలోంచి లేచి చుట్టూ తిరిగి చూసింది.

"ఇస్తారీ, ఈ తోటలో చెయ్యి పెట్టేది నువ్వు. కాయలు ఎవరు కోశారు?"

"తెల్వదు మేడమ్."

"మొదట్లో నన్ను అడిగావు, ఇది ఏ మందుకు పనికొస్తుందని. నువ్వే కోసి అమ్ముతున్నావా?"

బడిలో పిల్లవాణ్ణి నిలబెట్టి అడిగినట్టు అడిగింది. ఇన్నేళ్ళూ ఇంకొకళ్ళని అనుమానించిన మనిషికి, ఎదుటివాళ్ళు తనను అలా చూడడం అదే మొదలు. వీసా, తోట, మూడేళ్ళ చాకిరీ అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. నోరు దానంతటది తెరుచుకుంది.

"నేను కాదు మేడమ్. మల్లీశ్వరి తింటోంది. పేట్ మే బచ్చా."

కడుపులో బిడ్డ. మూడే మూడు మాటలు. మేడమ్ మొహం తెల్లబోయింది. "ఎవరు?" అని చాలా మెల్లగా అడిగింది. ఇస్తారి బండి పెట్టే షెడ్డువైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఆ చూపు చాలింది.

ఇంట్లో ఇలాంటిది జరిగి తెలిసీ ఊరుకుంటే వీసా ఇచ్చిన కఫీల్‌గా తానూ జవాబు చెప్పుకోవాలని మేడమ్ భయం. మల్లీశ్వరి ఫోన్ తీసుకుంది. ఆమెను పంపిన మస్కట్ ఏజెంటుకు కబురు చేసింది. మల్లీశ్వరిని బండి ఎక్కించి నిజ్వాలో ఆసుపత్రికి బయల్దేరింది, రక్తపరీక్షకు. బండి తోలాల్సింది ఖాదర్‌వలే. అతన్ని ఏమడిగిందో ఏమో, అతను స్టీరింగు ముందు బిగుసుకుని కూర్చున్నాడు. మల్లీశ్వరి కిటికీలోంచి ఇస్తారిని చూసింది. ఆమెకింకా ఏం జరుగుతోందో తెలియదు. "పెద్ద మామాకు అన్నం పెట్టాలన్నా, మూత పెట్టి ఉండాది" అని చెప్పింది. బండి కదిలింది.

ఇస్తారికి ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళడం అదే మొదటిసారి. పెద్ద మామా కిటికీ పక్కన కూర్చుని ఉంది. పళ్ళెం ముందు పెడితే పక్కకు నెట్టింది. చప్పిడి అన్నం. "మల్లీ, మల్లీ" అంటూ వేలెత్తి అలమర చూపించింది. అర్థం కాక ఒక్కొక్కటీ తీసి చూపించాడు. మందులు కాదంది, ఖర్జూరాలు కాదంది. దుప్పట్లు పక్కకు జరిపాడు. వెనక గాజు సీసా ఒకటి ఉంది. దాన్ని చూడగానే ముసలామె బోసినోటితో నవ్వి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

మూత తీశాడు. ఆవపిండి, మెంతిపిండి, వెల్లుల్లి, నూనె. నూనెలో ఎర్రగా ఊరిన బుడ్డాపిల్ ముక్కలు. జగిత్యాలలో తల్లి చేతి ఊరగాయ వాసన ఏదో అదే వాసన. సీసా సగానికి పైగా ఖాళీ అయింది.

ఇస్తారి సీసాను కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. ఏ కొమ్మ కాయలో ఒగరు తక్కువో కొరికి చూసుకుని, చప్పిడి మెతుకు మింగలేక ఎండిపోతున్న ముసలామె నోటికి రుచి తగలాలని, డాక్టరుకూ కూతురికీ కనబడకుండా ఇంత ఊరగాయ పెట్టింది ఆ పిల్ల. తాను దానిమ్మ పొదల వెనక కూర్చుని చూసింది అదన్నమాట. ముక్క చిదిపి, చిటికెడంత అన్నంలో కలిపి పెద్ద మామాకు పెట్టాడు. ఆమె నిదానంగా అంతా తిన్నది.

బండి సాయంత్రానికి వచ్చింది. ముందు ఖాదర్‌వలి దిగాడు, నేరుగా ఇస్తారి దగ్గరికి వచ్చాడు.

"ఏమీ లేదంట. కడుపులో పుండంట. పరగడుపున పులుపు తిని, దాని మీద పాలు లేని సులేమానీ టీ తాగితే కక్కదా మనిషి? సంతోషమా ఇస్తారన్నా? ఆ యమ్మి నాకు అక్క. నోరారా పిలిచేటిది నీకు వినపడలా?"

ఉమైమా మేడమ్ దిగి, మల్లీశ్వరి చెయ్యి పట్టుకుని, మాఫ్ కరో అంది. ఆమె అనాలి కాబట్టి అన్నది కాదు. తల్లి గదిలోకి వెళ్ళి, ఆమె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సీసా చూసింది. చూసి మంచం మీద కూలబడింది. ఆ తర్వాత కాయల మాట ఎత్తలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. ఇస్తారిని కూడా. అతనికదే ఎక్కువ భయమేసింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. మస్కట్ ఏజెంటు పొద్దునే కడపలో తన మనిషికి చెప్పాడు. ఆ మనిషి మధ్యాహ్నానికి వేంపల్లె వెళ్ళి ఓబులేసు ఇంటి ముందు నిలబడి, నలుగురూ వింటుండగా చెప్పాడు, ఆ ఇంటి డ్రైవర్ సంగతితో సహా. మేడమ్ మళ్ళీ ఫోన్ చేసి అదంతా పొరపాటని చెప్పించింది, పరీక్ష ఫలితం కూడా పంపింది. డ్రైవర్ వాళ్ళ మనిషే కదా, ఆసుపత్రీ వాళ్ళదే కదా, వాళ్ళకు కావాల్సినట్టు రాయించుకుని ఉంటారు అన్నాడు ఓబులేసు. ఇంటికి రావద్దన్నాడు. మల్లీశ్వరి చేస్తే ఫోన్ ఎత్తడం మానేశాడు.

మూడో నాడు ఎండ కాస్త వెచ్చబడ్డాక మల్లీశ్వరి తోటలోకి వచ్చింది. ఇస్తారి చెట్టు కింద రాలిన ఆకులు ఊడుస్తున్నాడు. చీపురు పక్కన పెట్టి నిలబడ్డాడు.

"చెల్లె, నాది తప్పయింది."

"సరే అన్నా."

"నా మీద ఉమ్మేసినా అడగ."

"ఉమ్మేస్తే నాకేం వస్తాది?" ఆమె గొంతులో కోపం లేదు, అలసిపోయి ఉంది. "మామాతో ఒక్క మాట అంటివి. ఇప్పుడు నా మొగునికి ఒక్క మాట చెప్పు. నీ ఫోన్‌తో చెయ్యి, నాదైతే ఎత్తడు. అది అబద్ధమని, నువ్వే అంటివని చెప్పు. ఇంకేం వద్దు నాకు."

నంబరు ఆమె చెప్తుంటే ఇస్తారి నొక్కాడు. స్పీకరు పెట్టమంది, పెట్టాడు. చాలాసేపు మోగాక ఎత్తారు. అవతల ఆటో ఇంజను చప్పుడు.

"ఓబులేసన్నా, నేను ఇస్తారిని. మల్లీశ్వరి పనిచేసే ఇంట్లనే తోటపని చేస్తాన."

"ఊ."

"నీకు చెప్పిన ముచ్చట అబద్ధం అన్నా. అది పుట్టిచ్చింది నేనే. ఆమె పుల్లటి కాయలు తింటుంటే సూసి గట్ల అనుకున్న. ఆమె అసొంటిది కాదు."

ఇంజను చప్పుడు ఆగిపోయింది.

"అట్లాంటిది కాదని నీకెట్లా తెలుసు?"

"రెండేండ్ల సంది సూస్తాన గద అన్నా."

"రెండేండ్ల నుంచి నా పెండ్లాన్ని చూస్తా ఉండావు." ఓబులేసు గొంతు పెరగలేదు. "ఏం తినేది చూస్తివి. యాడ కక్కుకునేది చూస్తివి. ఇన్ని చూసేటోనివి నువ్వు ఎవరు?"

"గట్ల కాదన్నా. నేను జెర అనుమానపు మనిషిని, అందుకే..."

"మొన్న డ్రైవర్ అన్నారు. నిన్న ఎవరూ లేరన్నారు. ఈ పొద్దు నువ్వు ఫోన్ చేస్తివి. నిన్నెవరు చేయమన్యారు?"

ఇస్తారి మల్లీశ్వరి మొహంలోకి చూశాడు. ఆమె కళ్ళార్పకుండా ఫోన్‌నే చూస్తోంది.

"ఆ యమ్మి నీ పక్కనే ఉండాదా?" అని అడిగాడు ఓబులేసు.

లేదని చెప్పాలనిపించింది. ఇంకొక అబద్ధం ఆమె ముందు నిలబడి ఆడలేకపోయాడు.

"ఉన్నది."

"అట్లనే అనుకుంటి."

మల్లీశ్వరి ఇస్తారి చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "ఇదో, విను. మామా టిక్కెట్టు తీస్తానంటాండాది. వస్తాండా. నా మొగం చూసి అడుగు" అంది. అవతల పెట్టేసిన చప్పుడు వినబడింది. ఆమె ఫోన్‌ను తన చున్నీతో తుడిచి ఇస్తారికి ఇచ్చింది.

"ఆయప్ప కూడా నీలాంటోడే అన్నా. అందుకే నీతో చెప్పిస్తే నమ్ముతాడనుకుంటి" అని, పెద్ద మామాకు అన్నం వేళయిందని లోపలికి వెళ్ళిపోయింది.

ఇస్తారి మళ్ళీ చీపురు అందుకున్నాడు. ఓబులేసు అడిగిన వాటిలో ఒక్కటి కూడా పిచ్చి ప్రశ్న కాదు. అతని చోట ఇస్తారే ఉంటే అవే ప్రశ్నలు, అదే వరసలో అడిగి ఉండేవాడు. ఏ జవాబు చెప్పినా నమ్మి ఉండేవాడు కాదు.